క్లిప్పు లేని పిన్ను

"ఆపు కోటేషూ, ఆపు!"

లక్ష్మీదుర్గ స్కూటీని ట్రాక్టరు పక్కకు తెచ్చి చెయ్యెత్తి అరిచింది. ముందు డోజరు బ్లేడు, వెనక తగిలించిన ట్రక్కులో కొత్తింటికి తెస్తున్న గ్రానైటు పలకలు. కాలువ వంతెన ఎక్కే చోట ఆ బరువంతా మూలిగి ఆగింది.

"ఏందక్కా, ఎత్తు మీద ఆపించావు?" బ్రేకు మీద కాలు తియ్యకుండానే విసుక్కున్నాడు కోటేష్.

"లంకె దగ్గర ఆ చప్పుడు వినపడట్లా? దిగబాక, టైరు కింద ముందు రాయి పెట్టనీ."

ట్రక్కులోంచి నల్లటి గ్రానైటు ముక్కొకటి రెండు చేతులా దించి, వెనక టైరుకు ఆనించి కాలితో గట్టిగా తోసింది. అప్పుడు వంగి చూసింది. ట్రక్కును ట్రాక్టరుకు పట్టి ఉంచే ఇనప పిన్నుకు కింద క్లిప్పు లేదు. కుదుపు కుదుపుకీ పైకి లేచి సగం బయటికొచ్చింది.

పోయినేడు ఇదే ఎత్తులో ఓ ట్రక్కు ఊడి వెనక్కి జారింది. మోపెడ్ మీద వస్తున్న పిచ్చయ్య మళ్లీ లేవలేదు.

"సైట్లో మట్టి చదును చేసే బండక్కా ఇది. ఊళ్లోకే గదా అని తగిలించా."

"వెనక మీ బావ వస్తన్నాడు. ఊడితే ఎవరి మీదికెళ్లుద్ది?"

అంతలో ఆ బావే ఫోన్ చేశాడు. "గ్రానైటు ఫ్యాక్టరీలో బయల్దేరా. మిమ్మల్ని దాటేస్తా చూడు."

"దాటొద్దు. నెమ్మదిగా రండి. అసలే మీ బండి లైటు గుడ్డిది. హెల్మెట్ పెట్టుకున్నారా?"

"నీ చాదస్తం ఉండగా నాకు హెల్మెట్టెందుకే!" రామాంజనేయులు నవ్వుతూ పెట్టేశాడు.

ఆమె వదల్లేదు. టూల్‌బాక్సు వెతికించి పిన్నుకు క్లిప్పు వేయించింది. దాని మీద గొలుసు చుట్టించింది. తెగిన తీగ కలిపించి ట్రక్కు వెనక ఎర్రలైటు వెలిగిందాకా ఊరుకోలేదు.

"నువ్వు ఆర్టీవో ఆఫీసులో ఉండాల్సిందానివక్కా," అంటూ కోటేష్ సీటెక్కాడు.

"వంతెన ఇరుకు. నేను ముందెళ్లి అవతలి బళ్లు ఆపుతా. చెయ్యూపితే రా."

పొద్దు గూకింది. మిరప కళ్లాల మీద ఎరుపు నల్లబడుతోంది. దారి పొడుగునా ఆమె అద్దంలో ట్రక్కునే చూసుకుంటూ నడిపింది. గొలుసు బిగువు సడలలేదు.

కొత్తింటి ముందు ట్రాక్టరు ఆగాక గాని ఆమె గట్టిగా ఊపిరి పీల్చలేదు. మొగుడికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగింది. మళ్లీ చేసింది.

"బండి మీదుంటాడక్కా, ఎట్టా ఎత్తుతాడు?"

"ఈపాటికి రావాలి గదరా..." వీధి మొగవైపు చూస్తూ అంది. "సర్లే, ట్రక్కు విప్పు. టైరు కింద ముందు ఆ రాయి పెట్టు."

కోటేష్ ట్రక్కులోకి తొంగిచూశాడు. తర్వాత ఆమె వైపు చూశాడు.

"వంతెన కాడ నువ్వు తీశావనుకున్నానక్కా."