అక్క జవాబు

ఫోనులో అడిగిన క్షమాపణ అల్లా లెక్కలోకి వస్తుందా అని సుమియాతికి ఎన్నేళ్లుగానో అనుమానం. రంజాన్ ఉపవాసాలు ముగిసిన లెబరాన్ పండుగ నమాజు నుంచి వచ్చి, తలమీది నల్లటోపీ అయినా తీయకుండా ఫోను పట్టుకు కూర్చున్న భర్తను చూస్తే ఆ అనుమానం ఇంకా ముదిరింది.

"తెలిసీ తెలియక చేసిన తప్పులు మన్నించండి" అని ఈ పండుగకు ఒకరినొకరు అడిగే ఆనవాయితీ మాటనే హర్జోనో ఊరందరికీ పంపేస్తున్నాడు.

"ఎవరికి పంపుతున్నారో చూస్తున్నారా అసలు?"

"నంబరున్న ప్రతివాడికీ. ఇదిగో, గ్యాసు బండ తెచ్చేవాడు కూడా నన్ను క్షమించేశాడు."

"వాడికి మీరేం తప్పు చేశారట?"

"ఏమో! పండుగపూట అడిగితే కాదనేవాడుంటాడా? మీ అక్కకూ ఓ ముక్క పంపు, పీడా పోతుంది."

ఆరేళ్ల కిందట తెల్లవారుజామున అమ్మ పోతే సుమియాతి ఆ కబురు ఫోనులో కుటుంబం గ్రూపులో పెట్టేసి, అందరికీ తెలిసిందనుకుంది. అందరూ చూశారు, వొనొసారిలో ఉండే అక్క పర్తినీ తప్ప. సంతలో ఎవరో చెబితే ఆమె పరుగున వచ్చింది. అప్పటికే మట్టి కప్పేశారు.

"మోటారుసైకిలు మీద గంటన్నర దారి. ఒక మనిషిని పంపలేకపోయావా?" అంది అక్క.

"గ్రూపులో పెట్టానుగా" అంది సుమియాతి.

ఆ మాట అన్న నోటితో మళ్లీ అక్కను పలకరించలేకపోయింది. అక్కా ఈ గడప తొక్కలేదు. అమ్మ తర్వాత తనకు మిగిలిన రక్తసంబంధం ఆమె ఒక్కతే.

వంటింట్లోకి వెళ్లి, తలుపు దగ్గరగా వేసి, సొంత మాటల్లో రాసుకుంది. "అక్కా, సుమిని. తప్పు నాదే. నీ ముందుకు రావడానికి మొహం చెల్లక ఇలా రాస్తున్నాను. క్షమిస్తావా?"

పొయ్యిమీద కోడికూర ఉడుకు పట్టకముందే జవాబు వచ్చింది. "నన్నూ క్షమించు. అయిందేదో అయిపోయింది. వీలు చూసుకుని ఇంటికి రా."

సుమియాతి ఫోను గుండెకు హత్తుకుంది. "రమ్మంది! లేవండి, పోదాం."

"ఇవాళా? రోడ్డు మీద బళ్లు చీమల్లా పాకుతున్నాయే!"

"రమ్మన్నాక వెళ్లకపోతే అదింకో తప్పు."

వాళ్లు కోడికూర గిన్నె పట్టుకుని వెళ్లేసరికి పర్తినీ వసారాలో కూర్చుని, కొబ్బరాకుల్లో ఉడికించిన అన్నపు ముద్దలను ముక్కలు కోస్తోంది. చెల్లెల్ని చూసి చెయ్యి ఆపేసింది. సుమియాతి మోకాళ్ల మీద కూర్చుని, అక్క ఒళ్లో నుదురు ఆనించింది. హర్జోనో గుమ్మం బయటే చెప్పులు విప్పాలో వద్దో తెలియక నిలబడ్డాడు.

"ఇన్నాళ్లకా?" అంది పర్తినీ.

"ఇన్నాళ్లకే అక్కా."

"నీ నోటితో నాకు చెప్పాల్సిన మాట ఒకటి బాకీ పడ్డావు. అది చెప్పు ముందు."

సుమియాతికి అర్థమైంది. తల ఎత్తబోయింది గానీ చేతకాలేదు. అక్క ఒళ్లోనే చెప్పింది.

"అక్కా... అమ్మ పోయింది."

అప్పుడే విన్నట్టు పర్తినీ గొల్లుమంది. చెల్లెల్ని లేపి కౌగిలించుకుంది. ఇద్దరూ ఆ రోజు ఏడవాల్సిన ఏడుపు ఏడ్చారు.

హర్జోనో చెప్పులు విప్పేశాడు. "వదినా, కూర చల్లారిపోతోంది" అన్నాడు మెల్లగా.

"ఈయన మారలేదన్నమాట," అని ముక్కు చీది, పర్తినీ కంచాలు పెట్టింది.

"నువ్వా జవాబు ఇవ్వకపోతే నాకు ఇక్కడికొచ్చే ధైర్యమెక్కడిది అక్కా?" అంది సుమియాతి, కూర వడ్డిస్తూ.

"ఏం జవాబు?"

"అదే, పొద్దున ఫోనులో రాశావుగా, రమ్మని."

పర్తినీ వింతగా చూసింది.

"అమ్మ పోయిన రోజు నుంచి నేను ఫోనే ముట్టలేదే! ఆ నంబరు ఇప్పుడెవరి చేతిలో ఉందో!"