మూడో మెట్టు

కుట్టుకొట్టు నుంచి ఇంటికొచ్చేసరికి కొడుకు గొడుగు మేకుకే వేలాడుతోంది. బయట చినుకైనా లేదు. అయినా వాడు తడుస్తాడని, తడిస్తే జలుబని, జలుబు ముదిరితే ఆసుపత్రేనని దారి పొడవునా ఊహించుకుంటూ, ఆ గొడుగు పట్టుకుని ఆవిడ వాడు వెళ్లిన గ్రంథాలయం మేడమీదికి చేరేసరికి రొప్పు వచ్చింది.

లోపల కవుల సమావేశం. గుమ్మం దగ్గరున్నాయన గుసగుసగా పద్ధతి చెప్పాడు. ఎవరి కవిత వాళ్లు చదవరట. మడిచిన కాగితం ఇచ్చేస్తే అధ్యక్షుడు చదువుతాడట. చర్చ అయ్యేదాకా రాసినవాడు నోరెత్తకూడదట. మీ అబ్బాయిది చదవడం ఇప్పుడే అయింది, కూర్చోండి అన్నాడు.

మొదటి వరసలో కొడుకు తల దించుకుని చెమటలు కక్కుతున్నాడు.

"పదచిత్రం ఒక తలుపు. మనమే తోసుకుని లోపలికెళ్లాలి," అన్నాడు అధ్యక్షుడు, ఊళ్లో తలుపులన్నీ తనే తోసినట్టు. "మూడో మెట్టు మీద కాలు పెట్టకు అంటున్నాడు కవి. మొదటిది బాల్యం. రెండోది యవ్వనం. మరి మూడోది?"

"చావు," అంది పక్కనున్న లెక్చరరమ్మ, టీలో చక్కెర సరిపోయిందన్నంత తేలిగ్గా.

తల్లికి చటుక్కున తమ ఇల్లు గుర్తొచ్చింది. ఇంట్లో మేడమెట్లలో మూడోది ఊగులాడబట్టి వారమైంది. అంటే వెధవ చోటు కూడా చూసి పెట్టుకున్నాడు.

"మంట అంటే ప్రాణం. ఆపేశాక మళ్లీ ఒకసారి చూసుకో అంటున్నాడే, అది పునర్జన్మ," అని ఇంకొకాయన కళ్లొత్తుకున్నాడు. ఇంత చిన్న వయసులో ఇంత నిరాశ అద్భుతమని తలా ఒక మాటగా మెచ్చుకున్నారు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు.

ఈమధ్య వాడు కంచంలో సగం వదిలేయడం, అడిగితే విసుక్కోవడం, అన్నీ ఒక్కసారిగా కలిశాయి ఆవిడకి. లేచి నిలబడింది.

"పిల్లాడు చస్తానని రాసిస్తే చప్పట్లు కొడతారేమయ్యా? ఆ కాగితం ఇలా తెండి."

"అమ్మా, నువ్వు కూర్చోవే," అని కొడుకు నియమం తప్పి గొణిగాడు.

"కవిత్వం మీకు అర్థం కాదు లెండి అమ్మగారూ," అని అధ్యక్షుడు జాలిగా నవ్వాడు.

గొడుగు బల్లమీద పడేసి, కాగితం లాక్కుని, కళ్లజోడు సర్దుకుని చూస్తే, అది పొద్దున్నే పనికి వెళుతూ కొక్కేనికున్న కొడుకు చొక్కా జేబులో తను కుక్కి వెళ్లిన జాగ్రత్తల చీటీ.