దగ్గే బర్మా

తౌనో సౌనా ఆవిరిగదిలో చెమటలు పట్టించుకుంటుండగా అతడి భార్య ఇర్మెలి షెడ్డులోకి వెళ్లింది. సరస్సు మీది మంచుగడ్డకు బెజ్జం వేసే ఇంజను బర్మా సైలెన్సరు విప్పి, గిన్నెలు తోమే ఇనుప పీచు ఉండలు చుట్టి అందులో కూరింది. మళ్లీ మరలు బిగించింది. ఇన్నేళ్ల కాపురంలో మొగుడికి తెలియకుండా అతడి వస్తువు ముట్టుకోవడం అదే మొదలు.

పోయిన వసంతంలో చేపలు పట్టడానికి వెళ్తే మంచు పెళ్లున విరిగి తౌనో సరస్సులో పడ్డాడు. పక్కింటి ఎస్కో తాడు విసిరి లాగాడు కాబట్టి బతికాడు. ఇక వెళ్లవద్దంటే వింటాడా? భయమంటే ఎరగని మనిషని ఊరంతా చెప్పుకుంటుంది. బర్మా బెజ్జం వెయ్యకపోతే గాలం ఎక్కడ వేస్తాడు? అదీ ఇర్మెలి ఎత్తు.

ఎత్తు పారింది. సరస్సు మీద ఇంజను పొగ బయటికి పోక రెండుసార్లు దగ్గి ఆగిపోయేది. తౌనో ఖాళీ చేతులతో తిరిగొచ్చి, పొయ్యి పక్కన కూర్చునేవాడు.

ఊళ్లోవాళ్ల నోళ్ల సంగతి మాత్రం ఆమెకు తట్టలేదు. కాఫీకి వచ్చిన ఎస్కో ఆమె ఎదుటే అన్నాడు.

"ఒరే తౌనో, నీకూ నీ బర్మాకూ ఒకేసారి ముసలితనం వచ్చినట్టుందిరా. అందరూ నవ్వుతున్నారు. ఇటివ్వు, బాగుచేసి పెడతా."

"నా మిషను జోలికి రాకు."

"పోనీ నా బర్మాతో బెజ్జం వేసిపెడతా, రారా."

"ఇంకొకడు వేసిన బెజ్జంలో గాలం వేసే రకం కాదు నేను."

తౌనో తల దించుకుని రొట్టెకు వెన్న రాసుకున్నాడు. ఇర్మెలికి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. మొగుణ్ని కాపాడుకోబోయి నలుగురిలో నవ్వులపాలు చేసింది.

మర్నాడే పీచంతా పీకి పారేసింది. పడితే పడనీ, తలెత్తుకునైనా తిరుగుతాడు అనుకుంది.

మరుసటి పొద్దున్నే తౌనో పెరట్లో ఇంజను తాడు లాగాడు. బర్మా ఊరు లేచేలా గర్జించింది. తౌనో ముఖం వాడిపోయింది. ఇంటి వైపు ఒకసారి చూశాడు. తన దొంగపని తెలిసిపోయిందనుకుని ఇర్మెలి కిటికీ పక్కకు తప్పుకుంది. అతడు బర్మాను మంచుబండి మీద పెట్టి లాక్కుంటూ సరస్సు వైపు వెళ్లాడు.

ఆమె వంటింట్లో దేవుణ్ని తలుచుకుంటూ కూర్చుంది. కాసేపటికే తలుపు చప్పుడైంది.

"ఇవాళా ఇంజను లాగలేదే," అన్నాడు బూట్లు విప్పుకుంటూ. "కాఫీ పెట్టు."

"పొద్దున బాగానే మోగిందిగా?"

"మిషన్లంతేనే. నమ్మడానికి లేదు."

ఇర్మెలి కాఫీ పొయ్యి మీద పెట్టి షెడ్డుకు పరుగెత్తింది. పీచు ఉండ ఒకటి మరిచిపోయి, ఆ మనిషి పరువు మళ్లీ తీశానేమోనని తనను తాను తిట్టుకుంటూ మరలు విప్పింది.

సైలెన్సరు నిండా, పొద్దున తౌనో చేతికి తొడుక్కుని వెళ్లిన ఉన్ని గ్లౌజు వేళ్లతో సహా కుక్కి ఉంది.