సిండర్‌బ్యాంక్ డ్రమ్మర్

"ఆఖరి పాటయ్యాక క్లైవ్‌ని కూడా స్టేజి మీదికి పిలుద్దాం," అన్నాడు నెవిల్. "ఒక్క నిమిషం."

డెరిక్ బూట్ల లేసులు కట్టుకోవడం ఆపలేదు. వినపడలేదేమోనని నెవిల్ అదే మాట వంగి, గట్టిగా చెప్పాడు.

"వినపడింది. డ్రమ్ము కర్రలు అందించేవాడికి చప్పట్లు కొట్టించాలా?"

"సరే, పిలవను. వాడి జోలికి మాత్రం పోకు డెరిక్. ఈ ఒక్కరోజూ."

సిండర్‌బ్యాంక్ బ్యాండుకి అది చివరి ప్రదర్శన. నలభై ఒక్కేళ్ల కిందట ఇంగ్లండులో డడ్లీ అనే ఊళ్లో ఒక పబ్బు మేడ మీద పుట్టింది. ఇప్పుడు డడ్లీ టౌన్‌హాల్లోనే ముగుస్తోంది. నెవిల్ గాయకుడు. డెరిక్ డ్రమ్మర్. బయట క్యూలో పదహారేళ్ల పిల్లల నుంచి తాతల దాకా అందరివీ నల్ల టీషర్టులే. సగం టీషర్టుల మీద డెరిక్ బొమ్మ.

క్లైవ్ ఆ డ్రమ్స్ మోసే మనిషి. మోసి, బిగించి, శ్రుతి చూసి, పాట మొదలయ్యే వేళకి వెనక నల్లతెర చాటుకి వెళ్లిపోతాడు. అంతా అయ్యాక చొక్కా పిండితే నీళ్లు కారేలా బయటికొస్తాడు.

"నాలుగు పెట్టెలు మోసినందుకు ఇంత చెమటేంట్రా? రెండు గంటలు వాయించినోణ్ణి, నేనే తడవలేదు," అని డెరిక్ అందరి ముందూ నవ్వేవాడు.

క్లైవ్ బొబ్బలెక్కిన అరచేతులు ప్యాంటుకి రాసుకుని మళ్లీ పెట్టెలు ఎత్తేవాడు.

పదకొండేళ్ల కిందట డెరిక్ చెవులు బాగా దెబ్బతిన్నాయి. ఇక మానేస్తాడనుకున్నారంతా. మానలేదు. చెవుల్లో చిన్న స్పీకర్లు దూర్చుకుని, తన డ్రమ్స్ ఒక్కటే తనకు వినపడేలా పెట్టించుకుని కూర్చున్నాడు. విచిత్రమేమిటంటే ఆయన పేరు ఇంకా పెరిగింది ఆ తర్వాతే. 'అరవైలో ఇరవయ్యేళ్ల చేతులు' అని ఒక పత్రిక రాసింది. డెరిక్ ఆ ముక్క కత్తిరించి కర్రల పెట్టె మూతకి అంటించాడు. పెట్టె తెరిచినప్పుడల్లా క్లైవ్ చేత పైకి చదివించేవాడు.

ఆ సాయంత్రం రేడియో నుంచి ఒకమ్మాయి వచ్చింది. డెరిక్ బఠాణీలూ మాంసపు ఉండలూ తింటున్నాడు. క్లైవ్ పక్కనే మోకాళ్ల మీద కూర్చుని డ్రమ్ము పెడల్ బిగిస్తున్నాడు.

"బ్యాండులోకి ఎలా వచ్చారు?" అని అడిగింది.

"మొదటి డ్రమ్మర్ని నేను కాదమ్మా. అదిగో, వాడు." డెరిక్ ఫోర్కుతో చూపించాడు. "అప్పట్లో మేమిద్దరం ఒకే ఫౌండ్రీలో ఇనుము పోతపోసే పని. ఒక శనివారం లండన్ నుంచి రికార్డుల కంపెనీ వాళ్లు మా పాట వినడానికొస్తున్నారు. వీడి అమ్మ ఆస్పత్రిలో ఉంది. 'అరగంట ఆలస్యమవుతుంది, మనవాళ్లకి చెప్పు' అన్నాడు నాతో. చెప్పాను. క్లైవ్ ఇక రాడట, మీ పాటలంటే వాడికి రోతట అని చెప్పాను. వీడు మెట్లెక్కి వచ్చేసరికి పైన నేను వాయిస్తున్నా. వీడు కట్టిన దరువే."

అమ్మాయి నవ్వలేదు. "మరి వాళ్లమ్మగారు?"

"ఆ రోజే పోయింది. పోతూ పోతూ నాకు మేలు చేసింది మహాతల్లి." డెరిక్ బఠాణీలు నోట్లో వేసుకున్నాడు. "వీణ్ణి నేనేం గాలికి వదిలెయ్యలేదు. ఫౌండ్రీ మూసేశాక పని ఇచ్చింది ఎవరు? ఏరా, ఇచ్చానా లేదా?"

"ఇచ్చావు," అన్నాడు క్లైవ్.

నలభై ఒక్కేళ్లుగా అతనికి తెలిసింది వేరు. ఆలస్యంగా వచ్చినందుకు నెవిల్ వాళ్లే తనని తీసేశారనుకున్నాడు. ఎవరినీ అడగలేదు. అడిగే రకం కాదు.

అమ్మాయి వెళ్లిపోయింది. డెరిక్ మూతి తుడుచుకున్నాడు.

"నెవిల్ నిన్ను స్టేజి ఎక్కిస్తానన్నాడు, తెలుసా? నా పక్కన నిలబడతావా నువ్వు? ఆ ఆశలేం పెట్టుకోకు. కోటేసుకుని ఇంటికెళ్లు. ఇవాళ నా వెనక ఎవడూ ఉండక్కర్లేదు."

"నెవిల్‌కి చెప్పావా?"

"నా డ్రమ్స్ సంగతి వాడికెందుకు?"

"నిజంగా పొమ్మంటావా, డెరిక్?"

"ఎన్నిసార్లు చెప్పాల్రా? నువ్వు లేకపోతే నాకు వాయించడం రాదా?"

క్లైవ్ పెడల్ బిగించడం పూర్తిచేశాడు. చేతులు కడుక్కుని కోటేసుకున్నాడు.

హాలు కిక్కిరిసి ఉంది. జనంలోంచి దారి చేసుకుంటూ, చివర సౌండు చూసే హేజెల్ దగ్గర ఆగి, ఆమె చెవిలో రెండు ముక్కలు చెప్పాడు. హేజెల్ కుర్చీలోంచి లేచింది.

"నెవిల్‌ని అడగనీ."

"ఇంకెక్కడ అడుగుతావు? స్టేజి ఎక్కేస్తున్నారు."

దీపాలు ఆరాయి. జనం డెరిక్ పేరు పట్టుకుని నేల దద్దరిల్లేలా కాళ్లతో తాళం వేస్తున్నారు.

"డెరిక్ కోరిందే, హేజెల్. నేను మళ్లీ అడిగి మరీ వచ్చాను."

ఆమె వేళ్లు ముందున్న సౌండు మీటల మీదికి వెళ్లాయి. క్లైవ్ తలుపు దగ్గరికి వెళ్లి, బయటికి పోకుండా గోడకి ఆనుకుని, కోటు గుండీలు ఒక్కొక్కటే పెట్టుకున్నాడు.

స్టేజి మీద వెలుగు పడింది. ఎత్తయిన పీట మీద డెరిక్ రెండు కర్రలూ పైకెత్తాడు. నెవిల్ వెనక్కి తిరిగి నల్లతెర వైపు చూసి, తల ఊపి, గిటార్ల వాళ్లకి సైగ చేశాడు.

తెర వెనక వాయించడానికి క్లైవ్ లేకపోవడంతో, పదకొండేళ్లలో మొదటిసారి, డెరిక్ వాయించింది డెరిక్ వాయించినట్టే జనానికి వినిపించింది.