బీరువాలో ఢావ్లో

"చెప్పులు బయట విడవాలని తెలీదా?"

ముసలి మోతీ వెనక్కి వెళ్ళి, ప్లాస్టిక్ చెప్పులు మెట్ల కింద విడిచి, మళ్ళీ లోపలికి వచ్చింది.

లైబ్రేరియన్ ప్రమీలారాణి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. కల్లూరులో మాగాణి ఉన్న ఇంటి ఆడపడుచు. కొత్తగూడెం నుంచి భద్రాచలం పోయే దారిలో, అడవి అంచున ఉన్న ఈ గ్రంథాలయానికి తనను బదిలీ చేసినవాళ్ళను ఇంకా తిట్టుకుంటూనే ఉంది.

"ఏం కావాలి?"

"మా ఢావ్లో పుస్తకం గీడ ఉందంట గదమ్మా. మా మనవరాలు భాను చెప్పింది."

ఉంది. అద్దాల బీరువాలో, కొత్త అట్టలతో, కనిపించేలా పేర్చి ఉంది.

లంబాడీ తండాలో పెండ్లికూతుర్ని అత్తారింటికి పంపేటప్పుడు, ఒకరి మెడ ఒకరు కౌగిలించుకుని ఆడవాళ్ళు ఏడుస్తూ పాడే పాటలే ఢావ్లో. ఖమ్మంలో రిటైరైన లెక్చరర్ వెంకటకృష్ణ ఏనాడో తండాలు తిరిగి వాటిని సేకరించి, ఇన్నేళ్ళకు అచ్చు వేయించాడు. మర్నాడే ఆవిష్కరణ సభ.

"నీకు చదువొచ్చా?"

"రాదమ్మా. నువ్వు సదివితే ఇంట."

"నేనా?"

"పోయినేడు జరమొచ్చినంక పాటలన్నీ పోయినయ్. మొదటి మాట అంటే ఎనక మాట వస్తలేదు. రేపు పొద్దుగాల భానును పంపాలె. పిల్లకు నేర్పేటోళ్ళు తండాల ఇంకెవ్వరు లేరు."

ఊడుస్తున్న అటెండర్ పుల్లమ్మ చీపురు ఆపింది.

"ఏడ్సుడు గూడ పుస్తకం జూసి నేర్సుకుంటరానే, మోతీ?"

ప్రమీలారాణికి నవ్వు ఆగలేదు.

"మీ ఏడుపు మీకే రాకపోతే నేనేం చెయ్యను? ఆ పుస్తకాలు సభకి. ముట్టుకుంటే మాసిపోతాయి."

"ముట్టనమ్మా. దూరం కూసుంట. ఒక్క పాట."

"సభ్యత్వం ఉందా? ఆధార్ తెచ్చావా?"

"తేలే."

"మరి పో."

మోతీ కదల్లేదు.

"ఏడ్వకుండ పంపితే పిల్లకు ఎనక ఎవ్వరు లేనట్టుంటదమ్మా."

"డీజే పెట్టుకోండి. మీవాళ్ళకి అదేగా ఇష్టం!"

మోతీ మెట్ల మీద కూర్చుంది. తలుపు సందులోంచి బీరువా కేసి చూస్తూ చాలాసేపు ఉంది. తర్వాత చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు సభ బ్రహ్మాండంగా కుదిరింది. 'మన పుస్తకం, మన సంస్కృతి' అని ఫ్లెక్సీ. దాని మీద పుస్తకం బొమ్మ కంటే ప్రమీలారాణి ఫొటో పెద్దది. ముందు వరసలో శాలువాల కోసం వచ్చినవాళ్ళు. వెనక వరసల్లో కానిస్టేబుల్ పరీక్షకు చదువుకునే పిల్లలు. వాళ్ళు ఉప్మా కోసం కూర్చున్నారు.

వెంకటకృష్ణ కారు దిగి చుట్టూ చూశాడు.

"తండావాళ్ళు ఎవరూ రాలేదా మేడం?"

"వాళ్ళకి పుస్తకాలెందుకు సార్! నిన్న ఒక ముసలావిడ వచ్చింది. ఏడుపు పాట చదివి వినిపించమంటుంది. జ్వరం వచ్చి మర్చిపోయిందట! పుల్లమ్మా నేనూ ఒకటే నవ్వు."

ఆయన నవ్వలేదు.

"పేరేంటి?"

"ఎవరడిగారు సార్."

"మోతీ సార్," అంది టీ ఇస్తున్న పుల్లమ్మ. "ఇయ్యాల మనవరాలి పెండ్లి గద."

వెంకటకృష్ణ టీ పక్కన పెట్టాడు. బీరువా తీసి ఒక పుస్తకం అందుకున్నాడు.

"కారెక్కండి మేడం."

"సార్, సభ? జ్యోతి వెలిగించాలి..."

"ఎక్కండి."

ప్రమీలారాణి ఎక్కింది. ముఖ్య అతిథి లేని వేదిక మీద తనెందుకు?

తండాలో డీజే బండివాళ్ళు వైర్లు చుడుతున్నారు. పందిరి కింద కుర్చీలు ఒకదాని మీద ఒకటి ఎక్కిస్తున్నారు.

"పెండ్లికూతురు?" అని అడిగాడు వెంకటకృష్ణ.

"పొద్దుగాలనే పోయింది సార్," అన్నాడో కుర్రాడు.

"ఏడ్చిందా?"

"పాట లేకుంటే ఎట్ల ఏడుస్తది? ఫొటోలు దిగి పోయింది."

పందిరి గుంజకు ఆనుకుని మోతీ కూర్చుని ఉంది. వెంకటకృష్ణ ఆమె ఎదుట నేల మీద కూర్చున్నాడు.

"రామ్ రామ్, యాడీ," అన్నాడు. తండా మాటలో అమ్మను పిలిచే పిలుపు అది.

మోతీ ఆయన్ను గుర్తుపట్టలేదు. ప్రమీలారాణిని మాత్రం గుర్తుపట్టి, గబుక్కున లేవబోయింది.

"కూర్చో, కూర్చో," అంది ప్రమీలారాణి. వెంకటకృష్ణ చేతిలోని పుస్తకం అందుకుంది. "నేను చదువుతాను సార్."

తెలుగు అక్షరాల్లో ఉన్న తండా మాట అది. ఆమెకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. తడబడుతూ, కూడబలుక్కుంటూ చదివింది. వెంకటకృష్ణ మెల్లగా తెలుగులో చెబుతూ వచ్చాడు. తను అలికిన పొయ్యి దగ్గర, మోసిన బిందె దగ్గర, తల దువ్విన చేతుల దగ్గర ఒక పిల్ల సెలవు అడుగుతోంది. నేను పోయాక నా పేరు పెట్టి ఎవరిని పిలుస్తారు అంటోంది.

మోతీ పెదాలు కదులుతున్నాయి. ప్రతి మాటా విన్నాకే కదులుతున్నాయి.

ప్రమీలారాణి ఆగి ఆగి చివరికంటా చదివింది.

మోతీ కళ్ళు తుడుచుకుంది.

"ఎంత మంచిగ ఏడ్చిందమ్మా! ఎవరు ఆ పాడినామె? పేరు జెప్పు, దండం పెట్టుకుంట."

ప్రమీలారాణి పేజీలు తిప్పింది. పేరు ఎక్కడా లేదు. వెంకటకృష్ణ వైపు చూసింది.

"పేరు వెయ్యొద్దంది. ఏడుపుకు పేరెందుకు సార్ అంది," అంటూ ఆయన మోతీ రెండు చేతులూ పట్టుకున్నాడు. "బిడ్డను అత్తారింటికి పంపొచ్చి, తడి కళ్ళతోనే నా ముందు కూర్చుని, ఈ పుస్తకంలో పాటలన్నీ పాడింది నువ్వే, యాడీ."