చెరో ఓ

“మావాడి రక్తం ‘ఏ’ గ్రూపు. మనవరాలిదీ ‘ఏ’నే అవుతుంది,” అంది నానమ్మ.

“మా అమ్మాయిది బి. చూస్తూ ఉండండి వదినగారూ,” అంది అమ్మమ్మ. మూడు రోజులుగా పాప ముక్కూ చెవులూ ఎవరి పోలికో తేలక, వియ్యపురాళ్ళిద్దరూ ఆస్పత్రి గదిలో రక్తం దాకా వచ్చారు.

ల్యాబ్ అమ్మాయి కాగితం తెచ్చింది. “పాపది ఓ పాజిటివ్.”

“‘ఏ’ కాదు, బి కూడా కాదా?” అని లేచింది నానమ్మ. “అయ్యో, పిల్లలు తారుమారయ్యారు!” అంటూనే గబుక్కున వెళ్ళి ఉయ్యాలకు అడ్డంగా నిలబడింది. “అయితే అయ్యారు. దీన్ని మాత్రం ఇవ్వను!”

“ఇవ్వం!” అని అమ్మమ్మ కూడా వచ్చి పక్కన నిలబడింది.

ల్యాబ్ అమ్మాయికి నవ్వాగలేదు. “ఎవరూ మారలేదండీ! నాన్నలో ‘ఏ’తోపాటు ఒక ఓ, అమ్మలో బి తోపాటు ఒక ఓ పైకి కనబడకుండా ఉన్నాయి. పాపకి ఆ రెండు ఓ లే వచ్చాయి. పాప మీదే.”

నానమ్మ కుర్చీలో కూలబడి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. “ఇంకొక్క నిమిషం ఆగితే దీన్నెత్తుకుని పారిపోయేదాన్ని వదినగారూ!”

“నన్నిక్కడ వదిలేసా?” అంది అమ్మమ్మ ఉక్రోషంగా.