కిటికీ గారు

ఆమె వీధి తలుపు గడియ పెట్టింది. కిటికీ రెక్కలు కూడా మూసింది. రిసీవరుకి చేతిరుమాలు చుట్టి, గొంతు సవరించుకుని, స్టూడియో నంబరు నొక్కింది.

ఎంగేజ్.

మామూలు రోజుల్లో ఇలా ఉండదు. ఈమధ్య రేడియో బావగారికి ఫోన్ చేసే నాథుడే లేడు. ఇవాళ ఆఖరి రోజని తెలిసేసరికి ఊరంతా ఎగబడుతోంది. మంచంలో ఉన్నన్నాళ్ళూ తొంగిచూడని చుట్టాలు చావుకి మాత్రం టాక్సీలు కట్టించుకుని వస్తారు చూడండి, అలాగ.

నగరంలో మొట్టమొదటి ఎఫ్‌ఎం స్టేషన్ అది. పొద్దుటి పాటల కార్యక్రమం బావగారిది. అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు. కాలేజీ పిల్లల దగ్గర్నుంచి పళ్ళూడిన తాతల దాకా అందరికీ ఆయన బావగారే.

మొదటి రోజు ఎవరూ ఫోన్ చేయలేదు. ఎఫ్‌ఎం అంటే ఏమిటో ఊరికింకా తెలియదు. పాపం, ఆయన నంబరు చెప్పి పాట వేస్తారు, పాటవగానే మళ్ళీ నంబరు చెప్తారు. గొంతులో వణుకు రేడియోలోంచే తెలిసిపోతోంది. వింటూ వింటూ తట్టుకోలేక, గొంతు మార్చి ఆమే ఫోన్ చేసింది.

“కిటికీ పక్కన కూర్చుని వింటున్నానండీ. చాలా బావుంది.”

“అమ్మయ్య! బతికించారండీ. మీ పేరు?”

ఆమె గతుక్కుమంది. పేరు చెప్పలేదు.

“అయితే మీరు మా కిటికీ గారు” అన్నారాయన. ఆ పేరే ఖాయమైపోయింది.

తర్వాత బావగారి హవా నడిచింది. క్షౌరశాలల్లో, బస్సుల్లో, కుట్టుమిషన్ల పక్కన ఎక్కడ విన్నా ఆయన గొంతే. ఆ తర్వాత ఇంకో స్టేషనొచ్చింది, దాని వెనకే మరోటి. ఊపిరి తీసుకోకుండా వాగే కుర్రకారు, ఫోన్లు చేసి జనాన్ని ఏడిపించే కార్యక్రమాలు. ఆపైన పాటలు సెల్‌ఫోన్లలోకి దూరాయి, ఎవరి చెవి గోల వాళ్ళదే. రేపట్నుంచి ఈ స్టేషన్లో పాటలూ మాటలూ అన్నీ కంప్యూటరే చూసుకుంటుందట. దానికి టీ కూడా ఇవ్వక్కర్లేదు మరి!

ఇన్ని మారినా ఆమె ఫోన్ చేయడం మానలేదు. స్టూడియో ఫోనులో నంబరు కనబడదు, లైటు వెలుగుతుందంతే. “తలనొప్పి తగ్గిందాండీ?” అని ఆమెని అడిగే మనిషి ప్రపంచం మొత్తానికి బావగారొక్కరే.

“మీవారు అడగరా?” అన్నారొకసారి.

“ఆయన ఇంట్లో నోరు విప్పరండీ.”

“మనిషా, మానా? ఓసారి ఫోనివ్వండి, కడిగిపారేస్తాను!”

ఊరంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. ఫోన్ పెట్టేసి చాలాసేపు ఏడ్చింది.

రేపట్నుంచి ఆ పలకరింపు ఉండదు. ఇవాళ లైను దొరక్కపోతే ఇంతే సంగతులు. ఆమె మళ్ళీ నొక్కింది. మళ్ళీ ఎంగేజ్. వేలు నొప్పి పుట్టేదాకా నొక్కుతూనే ఉంది.

దొరికింది.

“కిటికీ గారూ! చేయరేమోనని హడలి చచ్చాను.” బావగారి గొంతు బొంగురుపోయింది. “మొదటి ఫోనూ మీదే, ఆఖరి ఫోనూ మీదే. ఏ పాట వెయ్యమంటారు?”

“మీ ఇష్టమండీ.”

పాట మొదలైంది. ఆయన మైకు ఆపేశారు కానీ లైను పెట్టేయలేదు. ఆ పాట అయ్యేదాకా వాళ్ళ మాటలు ఊరికి వినబడవు.

“ఇవాళైనా మీ పేరు చెప్పండి. ఎక్కడుంటారో చెప్తే వచ్చి ఓ దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోతాను. ఆ రోజు మీరు ఫోన్ చేయకపోతే మైకు వదిలేసి పారిపోయేవాణ్ణి.”

పేరు ఆమె పెదవుల దాకా వచ్చింది.

“చెప్తే కోపం తెచ్చుకోరుగా?”

“మీ మీద కోపమా? నా గోడు విన్నది మీరొక్కరేనండీ.”

“అదేంటి? మీ ఆవిడ వినదా?”

అవతల చిన్న నవ్వు.

“ఆవిడకి రేడియో అంటేనే గిట్టదండీ. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా విన్నానని అనలేదు. మొదట్లో ఎదురుచూశాను, ఇవాళ అంటుంది, రేపంటుంది అని. ఉసూరుమనిపించింది. మెల్లగా మాట్లాడ్డమే మానేశాను.”

చేతిరుమాలు తడిసిపోయింది. ఇప్పుడు పేరు చెబితే ఆయనకున్న ఆ ఒక్క నేస్తం కూడా పోతుంది.

“పాట అయిపోవస్తోంది కిటికీ గారూ. పేరు?”

“పేరెందుకులెండి. ఇలాగే గుర్తుపెట్టుకోండి.”

“సరే, మీ ఇష్టం. మీ ఆయనకి మాత్రం నా మాటగా చెప్పండి. ఇంట్లో ఇంత మంచి మనిషిని పెట్టుకుని పలకరించనివాడు ఒట్టి బుద్ధిహీనుడని.”

“చెప్తానండీ” అని ఆమె ఫోన్ పెట్టేసింది.

గోడకి ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఇన్నేళ్ళూ తను ఏం చేసిందో ఇవాళ తెలిసింది. రేడియోలో ఆఖరి పాట అయిపోయింది, ప్రకటనలు మొదలయ్యాయి. దాన్ని ఆపేసి, మొహం కడుక్కుని, వంటలో పడింది.

మధ్యాహ్నం కాలింగ్ బెల్ మోగింది. వెళ్ళి గడియ తీసింది.

“ఉద్యోగం అయిపోయింది, కాసిని మంచినీళ్ళియ్యి” అని చెప్పులు విడిచి, భార్య మొహం వైపైనా చూడకుండా, బావగారు లోపలి గదిలోకి వెళ్ళిపోయారు.